అది కథేనని నేను చెప్పలేదు

మా కంపెనీ బస్సు డ్రైవరు ఒకడు స్టోర్‌లో కేబుల్ డ్రమ్ము దొంగిలించాడని, అందుకే ఖతార్ నుంచి పంపించేశారని మీలో ఎవరైనా విని ఉంటే, అది అబద్ధం. ఫోన్లలో తిరిగిన ఆ మాటకు మొదలు నేను. ఈ సంగతి ఇదివరకే ఒకసారి నోటితో చెప్పాను. అది చాలలేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

ఒక విషయం ముందే చెప్పాలి. ఆ మనిషంటే నాకు గిట్టేది కాదు. ఇప్పుడు తప్పు ఒప్పుకుంటున్నాను కదా అని, అప్పట్లో లోపలెక్కడో అతని మీద అభిమానం ఉండేదని రాయను. లేదు. అతని నవ్వు గిట్టేది కాదు. మాట చివర అతను పెట్టే 'అండీ' గిట్టేది కాదు. కడిగిన కంచాన్నే మళ్ళీ కడుక్కుని అన్నానికి కూర్చోవడం గిట్టేది కాదు.

నేను ఆ కంపెనీలో స్టోర్ కీపర్‌ని. మాది జగిత్యాల వైపు. బర్వా అల్ బరాహా అనే పనివాళ్ళ కాలనీలో మా రూముకు ఆరు మంచాలు. నాతో కలిపి అయిదుగురం మా వైపు వాళ్ళమే, అందరిలోకి పెద్దవాడు నిర్మల్ నుంచి వచ్చిన షట్టరింగ్ మేస్త్రి. ఆయన్ని అందరం కాకా అనేవాళ్ళం. ఆరో మంచానికి గోదావరి జిల్లా మనిషి వచ్చాడు. అతనే డ్రైవరు. అంతకుముందు దోహాలోనే మదీనత్ ఖలీఫాలో ఒక విల్లాకు హౌస్ డ్రైవర్‌గా చేశాడట. ఆ కుటుంబం దేశం వదిలి పోతూ ఇతన్ని మా కంపెనీకి మార్చింది. ఒక సూట్‌కేసు, ఒక అట్టపెట్టె తెచ్చుకున్నాడు. పెట్టెలో తినేవేమైనా ఉన్నాయేమోనని కాకా మూత తీశాడు. తొమ్మిది ఇంగ్లీషు నవలలు.

తొమ్మిదీ ఒకే కుర్రాడి కథలు. వాడికి పదహారేళ్ళు. పొద్దున బడికి పోతాడు, బడి అయ్యాక సర్కారు కోసం గూఢచారి పని చేస్తాడు. ఈ సంగతి ఇంట్లో అమ్మమ్మకు కూడా తెలియదు. విల్లాలో పెద్దబ్బాయి ఆ పుస్తకాలు చదివి కారు వెనక సీట్లో పడేసేవాడట. మీసాలు వచ్చాక ఇవి చిన్నపిల్లలవి, నువ్వే తీసుకో అన్నాడట. ఇతను బడి గేటు ముందు, మాల్ పార్కింగ్‌లో ఎదురుచూసే గంటలన్నీ ఫోన్లో డిక్షనరీ పెట్టుకుని వాటిని చదివాడు. పదో తరగతి తప్పినవాడు మూడేళ్ళలో తొమ్మిది పుస్తకాలు పూర్తి చేశాడు.

నేను ఇంటర్ పాసయ్యాను. అతను రాకముందు ఆ రూములో ఇంగ్లీషు చదవగలిగేది నేనొక్కడినే. ఆసుపత్రి చీటీ అయినా, బ్యాంకు మెసేజీ అయినా, కంపెనీ కాగితమైనా నా మంచం దగ్గరికే తెచ్చేవాళ్ళు. నేను వెంటనే చదివేవాణ్ణి కాదు. టీ తాగాక చూస్తాననేవాణ్ణి. మనిషి నిలబడి ఎదురుచూడటం నాకు బాగుండేది. డ్రైవరు వచ్చిన నెలకు ఆ కాగితాలన్నీ అతని మంచం దగ్గరికి పోయాయి. అతను అడిగిన క్షణంలోనే చదివి పెట్టేవాడు. నాకు కడుపు మండింది అక్కడే. మిగతావన్నీ దాని మీద పెరిగినవి.

శుక్రవారం మాకు సెలవు. పొద్దున కలిసి వండుకుని, మధ్యాహ్నం తిన్నాక అతను కింది మంచం మీద కాళ్ళు ముడుచుకుని ఆ కుర్రాడి కథ చెప్పేవాడు. పక్క రూముల వాళ్ళు కూడా వచ్చి నేల మీద కూర్చునేవాళ్ళు. మొదటి రెండు వారాలు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే చెప్పాడు. మంచు కొండలు, రైళ్ళు, నదుల కింద సొరంగాలు. మూడో వారం కాకా అడ్డుపడ్డాడు.

"ఆ మంచుల ఉరుకుడు మాకేం సమజైతది తమ్మీ? నేను ఫ్రిజ్జుల తప్ప మంచు సూడలే."

"మరెక్కడ పరిగెత్తించమంటారండి?"

"ఈడనే ఉరికియ్యి. మన సైటు మీద, మన బస్సుల."

"పదహారేళ్ళ కుర్రాడికి వీసా ఎవరిస్తారండి?"

"గూఢచారి అంటివి గదా. వాడే తెచ్చుకుంటడు తియ్యి. మన కంపెనీ ఇచ్చేదాకా ఆగితే వాడు ముసలోడైతడు."

అందరూ నవ్వారు. ఆ వారం నుంచి కుర్రాడు దోహాలో దిగాడు. మా లేబర్ బస్సు కింద పడుకుని దుఖాన్ రోడ్డు మీద ప్రయాణం చేశాడు. హెల్మెట్ పెట్టుకుని మా పరంజాలు ఎక్కాడు. పనివాళ్ళను సైట్లో దించాక సాయంత్రం దాకా డ్రైవరుకు బస్సులో కూర్చోవడమే డ్యూటీ. ఆ సమయంలో తరువాతి వారం చెప్పబోయేది రాసుకునేవాడు. కొత్త నోటుబుక్కు కొనలేదు. బస్సు రాకపోకలు రాసే పాత ట్రిప్ షీట్ల పుస్తకం, కంపెనీ వాడటం మానేసింది, ఒకటి బస్సులో ఉంటే దాని మీదే రాశాడు. పైన కంపెనీ గుర్తు, బండి నంబరు. పక్కన బయల్దేరిన సమయం, చేరిన సమయం అని గళ్ళు. ఆ గళ్ళను కూడా వదల్లేదు. కుర్రాడు ఎన్నింటికి గోడ దూకాడో, ఎన్నింటికి గేటు దాటాడో వాటిలో వేశాడు. స్టోర్‌కు వచ్చిపోయేవాళ్ళను అడిగి ఒక పేజీలో మా స్టోర్ బొమ్మ కూడా గీశాడు. మా గేట్లు, మా గోడలు, మా సమయాలు ఉన్నవి ఉన్నట్టు ఉంటేనే వినేవాళ్ళకు నచ్చేది. ఏ చిన్నది తప్పినా ఎవడో ఒకడు లేచి, ఆ గేటు అటు కాదు ఇటు అనేవాడు. అతను వెంటనే దిద్దుకునేవాడు.

తరువాత కథలోకి తాళాల మామ వచ్చాడు.

తాళాల మామ దుర్మార్గుడు. నడుముకు తాళాల గుత్తి వేలాడేసుకుని తిరుగుతాడు. ఎవరికీ కొత్త వస్తువు ఇవ్వడు, పాతది తెచ్చి చూపించమంటాడు. నా స్టోర్‌లో పద్ధతి అదే. చిరిగిన చేతి తొడుగులు తెచ్చి చూపిస్తేనే కొత్త జత ఇచ్చేవాణ్ణి. కంపెనీ రూలు అదే, కానీ నేను దాన్ని రూలుకన్నా గట్టిగా నడిపాను. ఒకసారి కాకా ఒక్క తొడుగే తెచ్చాడు. రెండోది ఏదన్నాను. కాంక్రీటులో పడి పూడిపోయిందన్నాడు. అయితే ఒక్కటే ఇస్తానని ఎడమ చేతిది ఒక్కటి చేతిలో పెట్టి పంపించాను. కాకా కుడిచేతి వాటం మనిషి.

కథలో కుర్రాడు పదో అంతస్తు నుంచి తెగిపోతున్న తాడు పట్టుకుని వేలాడుతుంటాడు. తాళాల మామ కొత్త తాడు చేత్తో పట్టుకుని పైనుంచి, "ముందు ఆ పాతది వదిలి పైకి పంపు, ఇది ఇస్తా" అంటాడు. రూము ఊగిపోయేలా నవ్వారు.

ఆ నవ్వు నాకు ఎలా తెలుసంటే, నేను విన్నాను. కథ మొదలయ్యే వేళకు బకెట్ తీసుకుని బయటికి పోయేవాణ్ణి, నాకు ఇలాంటివి నచ్చవన్నట్టు. బట్టలు ఉతికే నల్లాలు మా కిటికీ పక్కనే. నల్లా సన్నగా తిప్పుకుని, ఒకే చొక్కాను నాలుగుసార్లు జాడించేవాణ్ణి. ఒక్క శుక్రవారం కూడా తప్పిపోలేదు. తిట్టుకుంటూనే విన్నాను. ఆ కుర్రాడు కంటైనర్‌లో ఇరుక్కున్నాక, ఎలా బయటపడతాడా అని పనిలో కూడా ఆలోచించాను. ఈ మాట ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

ఒక రోజు సైట్లో బస్సు ఎక్కి అతని సీటు పక్కన నిలబడ్డాను.

"నా మీద కతలు అల్లుతున్నవట."

"మీ మీద కాదండి. తాళాల మామ మీదండి."

"ఆ మామ ఎవడు?"

"ఇప్పుడు మీరు అడిగేదాకా నేనెవరికీ చెప్పలేదండి." ట్రిప్ షీట్ల పుస్తకం మూసి పక్కన పెట్టాడు. "నచ్చకపోతే చెప్పండి, మామకి కొంచెం జుట్టు పెట్టిస్తాను."

నాకు బట్టతల. బస్సు దిగాను. కింద దిగాక అద్దంలోంచి చూస్తే అతను మళ్ళీ రాసుకుంటున్నాడు. ఆ క్షణం నుంచి అతను ఈ దేశంలో ఉండకూడదని కోరుకున్నాను. ఎలా అన్నది అప్పటికి తెలియదు.

ఆ ఎండాకాలంలోనే మా స్టోర్ నుంచి కరెంటు కేబుల్ చుట్టిన డ్రమ్ము ఒకటి కనబడకుండా పోయింది. మనిషి ఎత్తలేనంత పెద్దది. అడ్మిన్ ఆఫీసరు నన్ను పిలిచి నిలబెట్టాడు. తాళాలు నా దగ్గర, సంతకాలు నావి. ఉద్యోగం పోయేది నాదే. అసలు సంగతి ఏమిటంటే, ఎండకు బయట పని ఆపేసే మధ్యాహ్నపు గంటల్లో నేను స్టోర్ కంటైనర్‌లో ఏసీ కింద నిద్రపోయేవాణ్ణి. తాళాల గుత్తి నడుముకు గుచ్చుకుంటుందని తీసి తలుపు పక్క మేకుకు తగిలించేవాణ్ణి. ఆ మాట చెప్పుకోలేను. ఎవరి మీదైనా అనుమానముందా అని ఆఫీసరు అడిగాడు.

"బస్సు డ్రైవరు ఏదో పుస్తకంలో రాసుకుంటుంటాడు సార్. ఒకసారి చూడండి" అన్నాను.

అరగంటలో సెక్యూరిటీ గార్డు పుస్తకాన్నీ, డ్రైవర్నీ ఆఫీసుకు తెచ్చాడు. ఆఫీసరుకు తెలుగు రాదు. పేజీలు తిప్పాడు. కంపెనీ గుర్తు, గళ్ళల్లో సమయాలు, నా స్టోర్ బొమ్మ. ఆ పేజీ తెరిచి నా ముందు పెట్టి, ఏం రాసిందో చదివి హిందీలో చెప్పమన్నాడు.

ఆ పేజీ నాకు ఇప్పటికీ నోటికి వస్తుంది. "పన్నెండింటికి సెక్యూరిటీ నమాజుకు వెళ్తాడు. తాళాల మామ ఏసీ కింద గుర్రు పెడతాడు. తాళం తలుపు పక్క మేకుకే ఉంటుంది. వెనక గేటు గడియ సగమే పడుతుంది. మన కుర్రాడు చిటికెన వేలితో లేపి లోపలికి దూరతాడు."

నేను చదివింది ఇది. పన్నెండింటికి సెక్యూరిటీ నమాజుకు వెళ్తాడు. తాళం తలుపు పక్క మేకుకు ఉంటుంది. వెనక గేటు గడియ సగమే పడుతుంది. వేలితో లేపి లోపలికి పోవచ్చు. అంతే. నిద్రపోయే మామను తీసేశాను. కుర్రాణ్ణి కూడా తీసేశాను. ఆ ఇద్దర్నీ తీసేస్తే అది కథ కాదు, దొంగ వేసుకున్న ప్లాను.

డ్రైవరుకు హిందీ బాగా వచ్చు. నేను ఏం తీసేశానో అతనికి అర్థమైంది. కహానీ హై సర్, కితాబ్ కీ కహానీ అని ఆఫీసరుతో అన్నాడు. ఆఫీసరు నా వైపు తిరిగి, కథేనా అని అడిగాడు.

డ్రైవరు తెలుగులోకి మారాడు. "చెప్పండి అన్నా. శుక్రవారం కిటికీ పక్కన మీరూ వింటారు కదండి. నల్లా ఆగిపోతే నాకు తెలుస్తుందండి."

నాకు తెలియకుండానే అతనికి తెలుసన్నమాట.  చెప్పడానికి ఒక్క మాట చాలు. అవును, కథే. రూములో అయిదుగురు కాదు, ముప్పైమంది విన్నారు. వాళ్ళంతా అప్పుడు సైట్లో ఉన్నారు. ఆఫీసులో తెలుగు తెలిసింది మా ఇద్దరికే.

"నాకు తెలియదు సార్. ఆ టైంలో నేను బట్టలు ఉతుక్కుంటాను" అన్నాను.

 డ్రమ్ము ఎత్తినట్టు రుజువు లేకపోయినా, కంపెనీ కాగితాల మీద గేట్ల సమయాలు రాసినవాణ్ణి పనిలో ఉంచుకోలేమన్నారు. వారం లోపు వీసా రద్దయింది. వెళ్ళే రోజు సూట్‌కేసు ఒక్కటే పట్టుకుపోయాడు. అట్టపెట్టె మంచం కిందే ఉండిపోయింది. ట్రిప్ షీట్ల పుస్తకాన్ని ఆఫీసు చెత్తబుట్టలో వేస్తే నేను తీసి దాచుకున్నాను. ఎందుకంటే చెప్పలేను. మిగతా కథ అందులో ఉందేమోనని చూశాను. లేదు. కుర్రాడు కంటైనర్‌లో, బయట తాళం, అక్కడే ఆగింది.

ఏమైందని కాకా అడిగితే, "దొంగ దొరికిండు" అన్నాను. ఆ మాటే ఎవరో ఊళ్ళకు పంపారు. గల్ఫ్ అంతా దుబాయే అనుకునే మా ఆవిడ ఇంటి నుంచి ఫోన్ చేసి, "దుబాయ్‌ల మీ రూముల దొంగ దొరికిండట, నీ సామాను పైలం" అంది.

నెల తిరక్కుండానే డ్రమ్ము దొరికింది. దుఖాన్‌లో ఉన్న మా కంపెనీ ఇంకో సైటు స్టోర్ నుంచి ఫోన్. పైపులతో పాటు ట్రెయిలర్ మీద ఒక కేబుల్ డ్రమ్ము వచ్చి పడి ఉంది, ఇది ఎవరిది అని. గేట్ పాస్ మీద సంతకం నాదే. మధ్యాహ్నం నిద్రలోంచి లేపితే చూడకుండా చేసిన సంతకం. డ్రమ్ము అక్కడికే పంపినట్టు కాగితం సరిచేయించాను. ఆఫీసరు అడగలేదు. నేను చెప్పలేదు. అప్పుడు చెప్పి ఉంటే అతనికి ఏదో ఒక మేలు జరిగేది, కనీసం పేరు మిగిలేది. మొదటి అబద్ధం భయంతో చెప్పానని సమర్థించుకోవచ్చు. దీనికి ఆ సాకు కూడా లేదు.

రెండేళ్ళు గడిచాయి. ఈ మధ్య ఆరో మంచానికి మళ్ళీ ఒక గోదావరి మనిషి వచ్చాడు, అతనూ బస్సు డ్రైవరే. రూములో ఒకడు అతన్ని ఆటపట్టిస్తూ, "మీ దిక్కోడే ఇదివరకు ఉంటుండె, డ్రమ్ము ఎత్తుకపోయిండు. నువ్వేం ఎత్తుకపోతవు?" అన్నాడు.

కొత్త డ్రైవరు నవ్వలేదు. "ఆయన మా పక్కూరేనండి. వెళ్ళాక స్కూల్ వ్యాను తోలేవాడు. ఇక్కడి సంగతి ఎవరో గ్రూపులో పెడితే, దొంగ చేతికి పిల్లల్ని ఎలా ఇస్తామని తీసేశారండి. ఇప్పుడు రొయ్యల చెరువుల మీద కాపలా ఉంటున్నాడు. అక్కడ కూడా సంచి తడిమి గానీ ఇంటికి పంపరు."

రోజూ పని దిగాక మనిషి సంచి తడమడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. స్టోర్ గేటు దగ్గర తడిమించేది నేనే.

నాలుగు రోజులు ఆగి నంబరు తీసుకున్నాను. మధ్యాహ్నం కంటైనర్‌లో కూర్చుని ఫోన్ చేశాను. నేనెవరో చెప్పాను. అవతల చెరువు మీది నీళ్ళ మోటారు చప్పుడు వినిపిస్తోంది. నేను జరిగిందంతా చెప్పాను, దుఖాన్ డ్రమ్ముతో సహా.

"అయిపోయిందాండి?"

"అయిపోయింది."

"క్షమించమని అడుగుతారేమో, అడక్కండి. నా దగ్గర లేదు."

"అడగను. ఏం చెయ్యమంటవు?"

"ఆ పుస్తకం ఉందాండి?"

"ఉన్నది."

"శుక్రవారం అందరి ముందూ ఆ పేజీ చదవండి. ఆ రోజు వదిలేసినవి వదలకుండా చదవండి. మా ఊరాయన్ని రికార్డు చేసి పంపమనండి. నా పేరు మాత్రం అనకండి. మీ నోట్లో ఇంకోసారి నా పేరు వద్దు."

ఒప్పుకున్నాను. ఫోన్ పెట్టేసే ముందు, సిగ్గు లేకుండా, ఆ కుర్రాడు కంటైనర్ నుంచి ఎలా బయటపడ్డాడని అడిగాను.

"మీకు చెప్పనండి" అని పెట్టేశాడు.

ఆ శుక్రవారం అన్నాలయ్యాక అందరినీ ఉండమన్నాను. కొత్త డ్రైవరు ఫోన్ పైకెత్తి పట్టుకున్నాడు. పేజీ చదివాను. తాళాల మామ గుర్రు దగ్గర ఆగి, మళ్ళీ మొదటి నుంచి చదివాను. ఆఫీసులో ఏం తీసేశానో, డ్రమ్ము ఎక్కడ దొరికిందో చెప్పాను. ఎవరూ నవ్వలేదు. నేను తమ్మీ అని పిలిచే కుర్రవాళ్ళు కూడా నా వైపు చూడలేదు.

కాకా మంచం మీంచి లేచాడు. "నేను రెండేండ్లు వాణ్ణి దొంగ అన్న. నా నోటితోని అనిపిచ్చినవు."

"అవును కాకా."

"ఇగ నన్ను కాకా అనకు."

అప్పటి నుంచి అనడం లేదు. అదే రూములో, ఆయన మంచానికి ఎదురు మంచంలో పడుకుంటున్నాను. వంటలో నా వంతు తీసేశారు, నాది నేను విడిగా వండుకుంటున్నాను. అడ్మిన్ ఆఫీసులో కూడా రాసి ఇచ్చాను. అప్పటి ఆఫీసరు మారిపోయాడు. కొత్తాయన చదివి, పాత సంగతి ఇప్పుడెందుకని డ్రాయర్లో పెట్టుకున్నాడు. నా ఉద్యోగం మీద ఇంకా ఏ మాటా రాలేదు.

రికార్డింగు ఊరికి చేరింది. స్కూలాయన విని, ఆ గొంతు ఎవరిదో, డబ్బులిచ్చి చెప్పించారేమోనన్నాడట. అందుకే ఇది. దీని అచ్చు కాపీని, నా సంతకంతో, ఇక్కడి పని వివరాలతో ఆ బడికి విడిగా పంపుతున్నాను. నమ్మకం లేకపోతే నాకే ఫోన్ చేసి తిట్టమనండి. అతను స్టోర్ గడప కూడా తొక్కలేదు. అతను రాసింది కథ. నేను విన్నాను.

తొమ్మిది పుస్తకాల పెట్టె ఇప్పుడు నా మంచం కింద ఉంది. ఫోన్లో డిక్షనరీ పెట్టుకుని చదువుతున్నాను, నాలుగోది నడుస్తోంది. కుర్రాడు మంచులో ఉరుకుతున్నాడు, రైళ్ళ మీంచి దూకుతున్నాడు. కంటైనర్ ఇంకా రాలేదు. వచ్చినా అందులో దుఖాన్ రోడ్డు ఉండదు, మేకుకు తాళం ఉండదు, మామ ఉండడు. ఆ కథ ఈ పుస్తకాల్లో లేదని నాకు తెలుసు. అది తెలిసినవాడు రొయ్యల చెరువు గట్టు మీద ఉన్నాడు. నాకు చెప్పడు.